తీగ లేని హెడ్‌ఫోను – ఎవరి చెవికి? ఎందుకు?

బందరు, గుడివాడ పట్టణములలోను, దివిసీమ గ్రామములలోను ఈ దినములలో అనేక కుటుంబములకు ఒకే చిక్కు ఉన్నది. ఇల్లు చిన్నది, వినవలసినవి ఎక్కువ. తాతయ్యగారికి వార్తలు కావాలి. ఆయనకు చెవి కొంచెము మందగించినది గనుక టీ.వీ. సౌండు వీధి వరకు వినబడుతుంది. పదవ తరగతి చదివే మనుమరాలు అదే గదిలో లెక్కలు చేసుకోవాలి. కోడలు వంట చేసుకుంటూ పాటలో, వాక్యమో వినాలనుకుంటుంది. కుమారుడు రాత్రంతా రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండి, తెల్లవారి వచ్చి పడుకుంటాడు. అతనికి నిశ్శబ్దము కావాలి. ఒకరు సౌండు పెంచుతారు, మరొకరు తగ్గిస్తారు. మాటకు మాట పెరుగుతుంది. చివరకు పెద్దాయన "నా కోసం ఎవరూ ఇబ్బంది పడొద్దులే" అని టీ.వీ. కట్టేసి, అరుగు మీదకు పోయి కూర్చుంటారు. ఆ మౌనము ఇంటిల్లిపాదికీ బరువే.

ఇటువంటి ఇండ్లకు తీగ లేని హెడ్‌ఫోను కొంత ఉపశమనము ఇవ్వగలదు. అయితే కొన్న వాటిలో చాలా భాగము కొద్ది నెలలలోనే బీరువా సొరుగు చేరుతున్నాయి. పెద్దవారికి బటన్లు అర్థము కావు. చెవి నొప్పి పెడుతుంది. టీ.వీ.లో పెదవులు ముందు, మాట వెనుక వస్తుంది. కారణము ఒక్కటే: రంగును, ధరను చూచి కొన్నారు గాని, ఏ చెవికి కొంటున్నామో చూడలేదు. చెప్పులు కొనేటప్పుడు కాలు చూచుకొంటాము. హెడ్‌ఫోను కొనేటప్పుడు ఆ చెవి ఎవరిది, ఆ చెవి ఏమి వినవలెను, ఎంతసేపు వినవలెను అని ముందుగా చూచుకోవలెను. ఈ వ్యాసములో మేము చెప్పదలచిన ముఖ్య సంగతి ఇదే.

ఒకనాడు అందరమూ కలిసి విన్నాము

ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. ఆ కాలములో రేడియో ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో. పంచాయతి రేడియో దగ్గర సాయంకాలము ఊరంతా చేరేది. తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. కోతల కాలములో చేను గట్టు మీద పెట్టుకొని విన్నారు. సీషెల్స్ దీవులనుండి ఫీబా రేడియో 1970 మొదలు 2003 వరకు షార్ట్‌వేవ్‌లో మన దేశ భాషలలో క్రైస్తవ కార్యక్రమములు ప్రసారము చేసినది. రాత్రి వేళ ముల్లు మెల్లగా తిప్పుతూ, గరగర శబ్దముల మధ్య ఆ స్వరమును పట్టుకొన్న పెద్దలు మన సంఘములలో నేటికీ ఉన్నారు.

అసలు ఈ సీమ వినికిడికి పేరు పొందిన సీమ. కూచిపూడి, మొవ్వ ఇక్కడివే. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4న గుడివాడ సమీపమున ఉన్న చౌటపల్లిలో పుట్టారు. వినుటలో మనకు రుచి ఉన్నది. మారినది వినే పద్ధతి మాత్రమే. నాడు ఒక రేడియో, పది మంది చెవులు. నేడు ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ఫోను. అందరూ ఒకేసారి సౌండు పెడితే ఆ ఇల్లు ఇల్లు కాదు, సంత అవుతుంది.

ఇక్కడ ఒక చిన్న లాభసాటి సంగతి. పాత సినిమా పాటలు, పాత గ్రామఫోను కీర్తనలు దాదాపు అన్నీ ఒకే మైకు ధ్వనిగా ముద్రించినవి. రెండు చెవులకూ వచ్చేది ఒకే శబ్దము. ప్రసంగములు, వార్తలు, బైబిలు పఠనము కూడ మాటలే గదా. వీటికి గుండె అదిరే డప్పు శబ్దము అవసరము లేదు, మాట స్పష్టత ఉంటే చాలు. పెట్టె మీద పెద్ద అక్షరములతో వ్రాసే "ఎక్స్‌ట్రా బాస్" కొరకు అదనముగా డబ్బు పెట్టవద్దు. బాస్ మరీ ఎక్కువైతే మాటను మ్రింగివేస్తుంది కూడ.

ఆ పేరు ఎక్కడిది?

తీగ లేని హెడ్‌ఫోనులలో ఎక్కువ భాగము "బ్లూటూత్" పద్ధతి మీద నడుస్తాయి. ఈ పద్ధతికి 1994లో స్వీడను దేశపు ఎరిక్‌సన్ కంపెనీలో పని మొదలైనది. 1998లో పలు కంపెనీలు కలిసి దీని కొరకు ఒక సంఘముగా ఏర్పడ్డాయి. పేరు మాత్రము పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డుది. "నీలి పన్ను" అన్నది ఆయనకున్న మారుపేరు. విడివిడిగా ఉన్న ప్రాంతములను ఆయన ఒకటిగా చేసినట్లు, ఈ పద్ధతి వేర్వేరు యంత్రములను కలుపుతుందని ఆ పేరు పెట్టారు. డేనులను క్రైస్తవులుగా చేసినది తానేనని ఆ రాజు చెక్కించిన శిల నేటికీ డెన్మార్కులోని యెల్లింగ్ అను ఊరిలో ఉన్నది. మన ఫోనులో కనిపించే ఆ నీలి గుర్తు, ఆయన పేరులోని మొదటి అక్షరములను ప్రాచీన లిపిలో కలిపి వ్రాసినదే.

బ్లూటూత్ వాడేది రేడియో తరంగములనే. సాధారణముగా పది మీటర్ల దూరము వరకు పనిచేస్తుంది. నడుమ మందపాటి గోడలున్నా, మనుష్యులు అడ్డున్నా ఆ దూరము తగ్గుతుంది. ఫోను పడకగదిలో పెట్టి పెరటి నూతి దగ్గర వింటుంటే పాట తెగితెగి రావడము హెడ్‌ఫోను తప్పు కాదు. ఫోనును దగ్గరగా పెట్టుకుంటే చాలు.

"తలకు దగ్గరగా ఈ తరంగములు హాని చేయవా?" అని కొందరు భయపడుతారు. బ్లూటూత్ హెడ్‌ఫోను వెలువరించే శక్తి, చెవికి ఆనించుకొని మాట్లాడే సెల్‌ఫోను శక్తి కంటె చాలా తక్కువ. చెవికి అసలు ప్రమాదము తరంగమువలన కాదు, శబ్దమువలన. ఆ సంగతి ముందు చెబుతాము.

ముందు మనిషి, తరువాత వస్తువు

బజారులో మూడు ఆకారములు దొరుకుతాయి. తల మీదుగా వచ్చి రెండు చెవులను కప్పేవి ఒక రకము. మెడలో వేసుకొనే నెక్‌బ్యాండు రెండవ రకము. ఒకదానితో ఒకటి సంబంధము లేకుండ విడివిడిగా చెవులలో పెట్టుకొనే బడ్స్ మూడవ రకము. ఏది మంచిది అని అడుగుట కంటె, ఎవరికి ఏది తగును అని అడుగుట మేలు.

పెద్దవారికి: తల మీదుగా వచ్చే పెద్ద రకము తగును. దానిని పెట్టుట, తీయుట సులభము. చెవి గూబను నొక్కకుండ చుట్టూ కూర్చుండే మెత్తలు ఉండవలెను. బరువు తక్కువగా ఉండవలెను. సౌండు పెంచే, తగ్గించే బటన్లు చేతితో తడిమి తెలిసికొనేటంత పెద్దవిగా ఉండవలెను. తాకితే పనిచేసే బడ్స్ పెద్దవారిని విసిగిస్తాయి. సర్దుకొనేటప్పుడు వ్రేలు తగిలితే పాట ఆగిపోతుంది. చిన్న బడ్ మంచము క్రింద పడితే వెదుకుట మరొక పని. ఇంకొక మాట. బజారులో పెద్దవారికి తెలియకుండ కొని తెచ్చి ఇచ్చుట కంటె, వారిని వెంట తీసికొని వెళ్లి, కళ్లద్దములు పెట్టుకొనే పది నిమిషములు తగిలించి చూడండి. అద్దాల కాడలకు మెత్తలు నొక్కుకొంటే అరగంటలో తలనొప్పి వస్తుంది.

పని చేసుకుంటూ వినే వారికి: ఇంటిలో కుట్టుపని, రోల్డ్ గోల్డు పని, వంటపని చేసుకొనే స్త్రీలకు, పశువుల కొట్టములో పని చేసే వారికి నెక్‌బ్యాండు అనుకూలము. చెవిలోనిది తీసినా మెడలోనే వ్రేలాడుతుంది, పోదు. ఒక చెవిలో పెట్టుకొని రెండవ చెవి ఇంటికి వదలిపెట్టవచ్చును. కుక్కరు విజిల్, పసిబిడ్డ ఏడుపు, గుమ్మములో పిలుపు ఆ రెండవ చెవికి వినబడవలెను. స్త్రీలు కొనేటప్పుడు కమ్మలు, మాటీలు, జడ లేక కొప్పు చూచుకోవలెను. చెవి మీద ఆనే రకము కమ్మలను లోపలికి నొక్కి పుండు చేస్తుంది. బిగుతైన బ్యాండు కొప్పుకు తగులుతుంది.

చదువుకొనే బిడ్డలకు: పాఠములు వినుటకు తల మీద పెట్టుకొనే రకమే మంచిది. సౌండు 85 డెసిబెల్సు దాటకుండ కట్టడి చేసిన పిల్లల హెడ్‌ఫోనులు దొరుకుతాయి, వాటిని అడగండి. మూడేండ్లలోపు బిడ్డలకు ఏ హెడ్‌ఫోనూ వద్దు. చిన్న బడ్స్ వారికి అందేచోట ఉంచనే వద్దు. నోటిలో పెట్టుకుంటే గొంతుకు అడ్డము పడగలవు.

గుండెకు పేస్‌మేకరు పెట్టించుకొన్న వారికి: హెడ్‌ఫోనులో అయస్కాంతము ఉంటుంది. నెక్‌బ్యాండు చివర్లు సరిగ్గా రొమ్ము మీద వ్రేలాడుతాయి. పేస్‌మేకరుకు, అయస్కాంతమునకు నడుమ కనీసము ఒక జానెడు దూరము ఉండునట్లు చూచుకోండి. చొక్కా జేబులో హెడ్‌ఫోను వేసుకోవద్దు. కొనక ముందే వైద్యుని ఒక మాట అడగండి.

పెదవి ఒకటి, మాట ఒకటి

కాలువ అవతలి గట్టున ఎవరో బట్టలు ఉతుకుతుంటే దూరము నుండి చూచారా? బట్ట బండ మీద పడినది ముందు కనబడుతుంది, దెబ్బ శబ్దము తరువాత వినబడుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోనుతో టీ.వీ. చూచేటప్పుడు ఇదే జరుగుతుంది. టీ.వీ. శబ్దమును కుదించి, పంపి, హెడ్‌ఫోను దానిని మరల విప్పి వినిపించుటకు కొంత సమయము పడుతుంది. సాధారణ బ్లూటూత్‌లో ఇది సెకనులో అయిదవ వంతు వరకు ఉండవచ్చును. గాలిలో శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే అరవై, డెబ్బది మీటర్ల దూరములో ఉన్న మనిషి మాట్లాడినట్లు ఉంటుంది. పాటలకు, ఫోనులో ప్రసంగములకు దీనితో ఇబ్బంది లేదు. వార్తలకు, సినిమాలకు మాత్రము కంటికి, చెవికి తగవు.

ఇందుకు ముందుగా మీ టీ.వీ.లో బ్లూటూత్ ఉన్నదా అని చూడండి. పాత టీ.వీ.లలో ఉండదు. అప్పుడు టీ.వీ. వెనుక హెడ్‌ఫోను రంధ్రమునకు తగిలించే చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటరు కొనవలసి వస్తుంది. ఆలస్యము తక్కువగా ఉండే పద్ధతులు ఉన్నాయి గాని, ఆ పద్ధతి అటు ట్రాన్స్‌మిటరులోను, ఇటు హెడ్‌ఫోనులోను రెండింటిలో ఉంటేనే ఫలము. ఒకదానిలో ఉండి రెండవదానిలో లేకపోతే పెట్టిన డబ్బు వృథా. టీ.వీ. సెట్టింగులలో శబ్దమును, బొమ్మను సరిచూచుకొనే వీలు ఉంటే దానిని కూడ వాడి చూడండి.

కేవలము టీ.వీ. కొరకే అయితే మరొక రకము ఉన్నది. టీ.వీ. ప్రక్కన ఒక చిన్న పీఠము ఉంటుంది. హెడ్‌ఫోను దానిమీద పెడితే ఛార్జింగ్ అవుతుంది, తీసి తలకు పెట్టుకుంటే పాట వస్తుంది. ఫోనుతో జత చేయుట, వెదకుట ఏమీ ఉండవు. శబ్దము వెనుకబడదు. ధర మాత్రము మామూలు బ్లూటూత్ వాటి కంటె చాలా ఎక్కువ, దుకాణములలో దొరకుట అరుదు. పూట పూటా టీ.వీ. చూచే పెద్దవారు ఉన్న ఇంటికి అది ఖర్చుకు తగినదే.

2022లో "ఆరాకాస్ట్" అను కొత్త పేరు వచ్చినది. ఒకే చోటనుండి పంపిన శబ్దమును ఎందరైనా తమ తమ హెడ్‌ఫోనులలో, వినికిడి యంత్రములలో అందుకొనే బ్లూటూత్ పద్ధతి ఇది. ఇది సామాన్యమైన నాడు, ఆరాధనలో వెనుక బల్ల మీద కూర్చున్న చెవిటి పెద్దకు కూడ మాట నేరుగా చెవిలో పడుతుంది. సంఘపు మైకు సెట్టు మార్చే పెద్దలు ఈ పేరు గుర్తుంచుకొనుట మంచిది.

ఉప్పు గాలి, చెమట

నాగాయలంక, కోడూరు, బందరు తీరములలో గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. ఇనుప తలుపులే తుప్పు పట్టే చోట, ఛార్జింగ్ దగ్గరి చిన్న రాగి మొనలు ఎంత కాలము నిలుస్తాయి? వాడిన తరువాత పొడిగుడ్డతో తుడిచి, మూతగల డబ్బాలో పెట్టండి. మందుల డబ్బాలో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లము అందులో వేస్తే ఇంకా మంచిది. తోలు వంటి ప్లాస్టిక్ మెత్తలు మన వేసవిలో పొరలు పొరలుగా ఊడిపోతాయి. మెత్తలు విడిగా దొరికే మోడలును, లేదా గుడ్డ మెత్తల మోడలును ఎన్నుకోండి. పెట్టె మీద "ఐ.పి.ఎక్స్. 4" అని ఉంటే చెమటకు, నీటి తుంపరలకు తట్టుకొంటుందని అర్థము. నీటిలో ముంచవచ్చునని కాదు.

చెవి లోపల కూడ ఇదే సంగతి. గంటల తరబడి బడ్స్ పెట్టుకుంటే చెవిలో తేమ నిలుస్తుంది. తేమ ఉన్నచోట బూజు పడుతుంది. దురద, నొప్పి, చెవి మూసుకొన్నట్లు ఉండుట దీని గుర్తులు. తలస్నానము చేసిన వెంటనే తడి చెవిలో బడ్ పెట్టవద్దు. చీము కారే చెవిలో అసలే పెట్టవద్దు. ఒకరి బడ్స్ మరొకరు వాడవద్దు. ఇంటిలో దువ్వెన వేరుగా ఉంచుకొన్నట్లే ఇది కూడ వేరుగా ఉండవలెను.

పోయిన వినికిడి తిరిగి రాదు

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. మన ఒక్కొక్క చెవి లోపల నత్తగుల్ల ఆకారములో ఒక చిన్న భాగము ఉన్నది. అందులో శబ్దమును పట్టుకొనే సున్నితమైన రోమ కణములు 15 వేలకు పైగా ఉంటాయి. పుట్టుకతో వచ్చినవే, కొత్తవి పుట్టవు. వరి చేను మీద గాలి వీస్తే వంగిన పైరు మరల లేస్తుంది. తుఫాను గాలికి పడిపోయిన పైరు లేవదు. పెద్ద శబ్దము ఆ కణములకు తుఫాను వంటిది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి ఒక లెక్క చెప్పినది. పెద్దవారు 80 డెసిబెల్సు శబ్దమును వారమునకు 40 గంటల వరకు వినవచ్చును. 90 డెసిబెల్సు అయితే వారమునకు 4 గంటలే. 100 డెసిబెల్సు అయితే వారమంతటికి 20 నిమిషములే. బిడ్డలకు హద్దు ఇంకా తక్కువ: 75 డెసిబెల్సు, వారమునకు 40 గంటలు. శబ్దము కొంచెము పెరిగితే సమయము ఎంతగానో తరుగుతున్నదని ఈ లెక్కలో గమనించండి. వంద కోట్లకు పైగా యౌవనస్థులు ఈ అలవాటువలన వినికిడికి ముప్పు తెచ్చుకొంటున్నారని ఆ సంస్థ హెచ్చరించినది.

ఇంటిలో డెసిబెల్సు ఎవరు కొలుస్తారు అంటారా? సులభమైన పద్ధతులు చెబుతాము. ఫోనులో సౌండు గీత నూటికి అరవై దాటనీయవద్దు. హెడ్‌ఫోను పెట్టుకొన్న వారికి, చేయి చాచినంత దూరములో మనము మామూలుగా మాట్లాడితే వినబడవలెను. వారి చెవిలోని పాట మన చెవికి వినబడితే అది ఎక్కువైనట్లే. తీసిన తరువాత చెవిలో "గుయ్" మని మ్రోత ఉంటే, అది చెవి పెట్టిన మొర అని తెలిసికొని ఆ దినమునకు మానవలెను. గంటకు ఒకసారి అయిదు పది నిమిషములు విశ్రాంతి ఇవ్వవలెను.

మన ప్రాంతములో మరొక చిక్కు ఉన్నది. చెరువుల మీద ఏరియేటర్ల హోరు, జనరేటరు మ్రోత, పాత ఫ్యాను చప్పుడు. ఆ హోరును మించి వినాలని యువకులు సౌండు పెంచుతారు. బయటి హోరును తగ్గించే "నాయిస్ క్యాన్సిలింగ్" హెడ్‌ఫోను ఇక్కడ నిజముగా ఉపయోగపడుతుంది. ఒకే తీరుగా సాగే మ్రోతను అది చాలా వరకు అణచివేస్తుంది గనుక తక్కువ సౌండుతోనే వినవచ్చును. అయితే రాత్రివేళ చెరువు గట్టు మీద ఒంటరిగా ఉన్నవాడు రెండు చెవులు మూసుకొనుట మంచిది కాదు. ఏరియేటరు ఆగినదా, ఎవరైనా వచ్చారా, కాళ్ల దగ్గర ఏమి కదిలినది అన్నది చెవియే చెప్పవలెను. రోడ్డు మీద, రైలు పట్టాల దగ్గర ఏ హెడ్‌ఫోనూ వద్దే వద్దు.

హెడ్‌ఫోను వినికిడి యంత్రము కాదు

పెద్దవారు "వినబడుతున్నది గాని మాట తెలియడం లేదు" అని తరచుగా అంటారు. వయస్సుతో ముందుగా తగ్గేది సన్నని ధ్వనులను పట్టే శక్తి. అచ్చులు వినబడుతాయి, క, త, ప, స వంటి హల్లులు జారిపోతాయి. "పాలు" అంటే "కాలు" అనుకొంటారు. మనము నవ్వుతాము, వారు చిన్నబుచ్చుకొంటారు. నెమ్మదిగా నలుగురిలో కూర్చుండుట మానివేస్తారు. ఇది పొగరు కాదు, మతిమరుపు కాదు, వినికిడి లోపము.

అట్టివారికి హెడ్‌ఫోను టీ.వీ. చూచుటకు సహాయము చేయును గాని, మనుమడి మాట వినిపించదు. హెడ్‌ఫోను కొనక ముందు చెవి పరీక్ష చేయించండి. ఒక్కొక్కసారి గట్టిపడిన గులిమియే కారణము కావచ్చును. బందరులోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చూపించవచ్చును. ఒక చెవి ఉన్నట్లుండి వినబడకపోతే ఒక్క దినము కూడ ఆలస్యము చేయక వైద్యుని దగ్గరకు పోవలెను. తొలి దినములలో చేసిన వైద్యమే ఎక్కువ ఫలితమునిస్తుంది.

వినికిడి యంత్రము కొనలేని పెద్దలకు "రాష్ట్రీయ వయోశ్రీ యోజన" ఉన్నది. 2017 ఏప్రిల్ 1న మన రాష్ట్రములోని నెల్లూరు జిల్లాలోనే ఈ పథకము ప్రారంభమైనది. అరువది ఏండ్లు నిండి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, లేక నెలకు 15 వేల రూపాయలకు మించని ఆదాయము ఉన్నవారికి, శిబిరములలో పరీక్షించి వినికిడి యంత్రములు, కళ్లద్దములు, చేతికర్రలు వంటివి ఉచితముగా ఇచ్చుటకు ఉద్దేశించినది. శిబిరము ఎప్పుడని మండల కార్యాలయములో విచారించండి. చదువుకొన్న యువకులు ఈ పని తమ వీధిలోని పెద్దలకు కూడ చేసిపెట్టవచ్చును.

బజారులో

పైపూత సంగతి బందరు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. రోల్డ్ గోల్డు నగను చూచి బంగారమని మోసపోయేవారు ఆ ఊరిలో ఉండరు. హెడ్‌ఫోనులలో కూడ పైపూత ఉన్నది. పెద్ద కంపెనీ పేరు, పెట్టె అచ్చముగా అలాగే ఉండి, లోపల నకిలీ సరుకు ఉంటుంది. తీగ లేని హెడ్‌ఫోనులకు బి.ఐ.ఎస్. నమోదు తప్పనిసరి. వస్తువు మీద గాని, పెట్టె మీద గాని "ఆర్" అక్షరముతో మొదలయ్యే ఒక సంఖ్య ఉండవలెను. ఫోనులో "బి.ఐ.ఎస్. కేర్" యాప్‌లో ఆ సంఖ్య వేస్తే అది ఎవరిదో తెలుస్తుంది.

ఇంకా చూడవలసినవి: ఛార్జింగ్ పిన్ను టైప్-సి అయితే ఫోను ఛార్జరే సరిపోతుంది. వైరు పెట్టుకొనే రంధ్రము కూడ ఉన్న హెడ్‌ఫోను అయితే, కరెంటు లేక ఛార్జింగ్ అయిపోయినా వైరుతో వినవచ్చును. "40 గంటలు" అని వ్రాసిన బ్యాటరీ లెక్క తక్కువ సౌండు మీద చెప్పినది. పెద్ద సౌండులో అంత రాదు. బడ్స్‌లోని చిన్న బ్యాటరీలు రెండు మూడు ఏండ్లకు బలహీనపడుతాయి, మార్చుట దాదాపు కుదరదు. గనుక వాటికి ఎక్కువ ధర పెట్టే ముందు ఆలోచించండి. తలగడ క్రింద పెట్టి ఛార్జింగ్ చేయవద్దు.

బిల్లు తప్పక తీసికొని భద్రపరచండి. గ్యారంటీ కాలములో దుకాణదారుడు, కంపెనీ ఇద్దరూ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915కు ఫోను చేయవచ్చును. అక్కడ తీరకపోతే బందరులో జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. అయిదు లక్షల రూపాయల లోపు కొన్న వస్తువు మీద ఫిర్యాదుకు రుసుము లేదు.

పాత రేడియో పారవేయవద్దు

ఈ మాట దివిసీమ కుటుంబములకు మరీ ముఖ్యము. 1864లో బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మన పెద్దల నోట నేటికీ కథలుగా ఉన్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర, 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా నరసాపురము దగ్గర తీరము దాటాయి. గాలి పెరిగిన రాత్రి ముందు కరెంటు పోతుంది, తరువాత సెల్ టవరు పోతుంది. అప్పుడు బ్లూటూత్ హెడ్‌ఫోను ఎంత ఖరీదైనదైనా వార్త చెప్పలేదు. సెల్లులతో నడిచే చిన్న రేడియోయే చెబుతుంది. ఎఫ్.ఎమ్. ఉన్న ఫోనులలో కూడ ఎక్కువ వాటికి వైరు ఇయర్‌ఫోను తగిలిస్తేనే స్టేషను పలుకుతుంది, ఆ వైరే ఏరియలుగా పనిచేస్తుంది గనుక. కొత్తది కొన్నాము గదా అని పాత రేడియోను, వైరు ఇయర్‌ఫోనును పారవేయవద్దు. రెండు జతల కొత్త సెల్లులతో పాటు ఒక పొడి డబ్బాలో పెట్టి ఉంచండి.

ఇంటికి కొన్ని కట్టుబాట్లు

వస్తువు ఇంటికి వచ్చిన మొదటి దినముననే కొన్ని కట్టుబాట్లు పెట్టుకొంటే తరువాత తగవులు ఉండవు. భోజనము దగ్గర, కుటుంబ ప్రార్థన దగ్గర ఎవరి చెవిలోను ఏదియు ఉండరాదు. హెడ్‌ఫోను పెట్టుకొన్న వారిని దూరము నుండి కేకలు వేయక, దగ్గరకు పోయి భుజము తట్టి పిలువవలెను. పెద్దవారి హెడ్‌ఫోను ఛార్జింగ్ పెట్టే బాధ్యత ఒక మనుమనికో, మనుమరాలికో అప్పగించవలెను. ఆ వంకతో బిడ్డ రోజుకొకసారి వారి దగ్గరకు పోతుంది. బిడ్డల సౌండు గీతను తల్లిదండ్రులు అప్పుడప్పుడు చూడవలెను. నిద్రపోయేటప్పుడు తీసివేయవలెను.

ఒక ఇంటికి ఒకే హెడ్‌ఫోను కొనగలిగితే, చెవి తగ్గిన పెద్దవారికి ముందుగా కొనండని మా సలహా. వెయ్యి, రెండు వేల రూపాయలలో వారి సాయంకాలములు వారికి తిరిగి వస్తాయి, బిడ్డల చదువులు సాగుతాయి. అయితే వార్తలు ముగిసిన తరువాత హెడ్‌ఫోను తీయించి, "తాతయ్యా, ఏమి చెప్పారు ఈరోజు?" అని దగ్గర కూర్చుండి అడిగే మనిషి కూడ ఆ ఇంటిలో ఉండవలెను. ఆయన చెప్పినది మనము వినవలెను. ఆ పనికి ఏ యంత్రమూ అక్కరలేదు.